తోక వైపు మూడు కిటికీలు

మా ఇంట్లో ఒక అంతరిక్ష నౌక ఉంది. ప్లాస్టిక్‌ది, రెండడుగుల పొడవు. బల్ల మీద ముక్కు కుడివైపుకి, తోక ఎడమవైపుకి పెట్టి ఉంటుంది. స్విచ్ వేస్తే ముక్కు కొసన ఎర్ర దీపం ఆరుతూ వెలుగుతూ ఉంటుంది, పొట్ట వెంబడి పదకొండు కిటికీలు పసుపు రంగులో వెలుగుతాయి. ఆ దీపాలు పెట్టింది మా అన్నా నేనూ. మా అన్న చూపు పోతోందని అందరికంటే ముందు చెప్పింది కూడా ఆ ఓడే. నాకు వినపడింది. వినపడనట్టు ఊరుకున్నాను. ఈ సంగతి రాయడానికి ఇన్నేళ్ళు పట్టిందంటే తీరిక లేక కాదు, పిరికితనం వల్ల.

మాది చందాపుర. ముత్తాతల కాలంనుంచి ఆ చుట్టుపక్కలే. ఇంట్లో తెలుగు, గడప దాటితే కన్నడ. నోట్లోంచి వచ్చిన మాట ఏ భాషదో మాకే సరిగా తెలియదు. అన్న నాకంటే ఏడేళ్ళు పెద్ద. బొమ్మనహళ్ళిలో ఒక గార్మెంట్స్ ఫ్యాక్టరీలో కుట్టుమిషన్ల మెకానిక్. ఆ ఫ్యాక్టరీకి రెండు వీధుల అవతల టీవీలు బాగుచేసే కొట్లో నేను పనిచేసేవాణ్ణి. రోజూ పొద్దున ఇద్దరం ఒకే స్కూటర్ మీద హోసూరు రోడ్డు పట్టుకుని పోయేవాళ్ళం. అన్న నడిపేవాడు, నేను వెనక కూచునేవాణ్ణి. నాకు నడపడం వచ్చినా హ్యాండిల్ నా చేతికి ఇచ్చిన పాపాన పోలేదు. రోడ్డు మలుపు తిరిగే మూలల దగ్గర నేను భయపడతానట.

మా నాయన సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. చివరి రోజుల్లో ఆయన ఇంట్లో గోడ పట్టుకుని నడిచేవాడు. ఎదురుగా నిలబడితే గుర్తుపట్టేవాడు, పక్కకు జరిగితే "యాడికి పోయినావురా" అనేవాడు. వయసు మీద పడిందనుకున్నాం. పోయేనాటికి ఆయనకు అరవై కూడా నిండలేదు. ఆ లెక్క అప్పుడు ఎవరమూ వేసుకోలేదు.

ఓడల పిచ్చి మా అన్నకే. తొంభైల మధ్యలో ఒక ఆదివారం సిటీ మార్కెట్ దగ్గర పాత సామాన్ల బజారులో మిషన్ మోటారు కోసం వెతుకుతుంటే, చెమ్మ పట్టిన అట్టపెట్టె ఒకటి దొరికింది. పెట్టె మీద అంతరిక్షంలో పోతున్న ఓడ బొమ్మ, లోపల కాడలకు అంటుకుని వందదాకా ప్లాస్టిక్ ముక్కలు. ఎలా అతకాలో చెప్పే కాగితం మాకిద్దరికీ రాని భాషలో ఉంది. అన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "బొమ్మలుండాయి గదప్పా, చాలు" అన్నాడు. నెల తిరిగేసరికి ఓడ తయారైంది. బల్ల మీద పెట్టి చాలాసేపు చూశాడు. "చచ్చిపడి ఉండాది. దీపం పెట్టల్ల దీనికి" అన్నాడు.

వినాయక చవితి పందిళ్ళకు కట్టే సీరియల్ సెట్టులోంచి నాలుగు బల్బులు కత్తిరించి దాని పొట్టలో పెట్టాం. గంటసేపు బ్రహ్మాండంగా వెలిగింది. తర్వాత ఇంట్లో ఏదో మాడిన వాసన వచ్చింది. వెళ్ళి చూస్తే, పొయ్యి మీద కాల్చిన వంకాయలాగా ఓడ వీపంతా ముడతలు పడి ఒక పక్కకు ఒరిగిపోయి ఉంది. వదిన కిటికీలన్నీ తెరిచి ఇద్దర్నీ కలిపి తిట్టింది. అన్న ఆ ఓడను పారెయ్యనివ్వలేదు. కరిగిన చోట బొటనవేలితో తడిమి చూస్తూ, "బల్బు వద్దు. వేడి లేని దీపం కావల్ల" అన్నాడు.

రెండో ఓడ పెద్దది. ఫ్యాక్టరీ పని మీద సింగపూర్ పోయివచ్చిన ఆఫీసరొకాయన, అన్న అడిగాడని తెచ్చిపెట్టాడు. దీనికి ఎల్.ఇ.డి.లు పెట్టాలని తేల్చుకున్నాం. ఎస్.పి. రోడ్డులో కొట్టుకొట్టుకూ తిరిగి, వెలుగులో ఒక్క పిసరు తేడా లేని పదకొండు పసుపు ఎల్.ఇ.డి.లు ఏరాం. కొట్టువాడు విసుక్కున్నా అన్న వదల్లేదు, ఒక్కొక్కదాన్నీ వెలిగించి చూపించమన్నాడు. అప్పుడు ఆయన కళ్ళు అంత బాగుండేవి. రెండు దీపాల మధ్య నాకు కనపడని తేడా ఆయనకు కనపడేది.

వైరింగ్ పని నాది. అది ఎలా చేశానో కాస్త చెప్పాలి, ముందు ముందు అవసరం పడుతుంది. పదకొండు దీపాలను మూడు వరసలు చేశాను. తోక దగ్గర మూడు, నడుమ నాలుగు, ముక్కు దగ్గర నాలుగు. ఒక వరసలో ఉన్నవన్నీ ఒకదాని వెనక ఒకటి ఒకే తీగ మీద ఉంటాయి. ఎక్కడ సోల్డర్ ఊడినా ఆ వరస మొత్తం ఆరిపోతుంది, పక్క వరసకు ఏమీ కాదు. అంటే ఈ ఓడలో తీగ తెగితే మూడు కిటికీలు ఆరతాయి, లేదంటే నాలుగు. రెండు వరసలు పోతే ఏడో ఎనిమిదో. ఐదు మాత్రం ఎప్పటికీ ఆరవు.

ముక్కు మీది ఎర్ర దీపం మా అన్న పని. అది ఆరుతూ వెలుగుతూ ఉండడానికి చిన్న సర్క్యూట్ నా దగ్గర నేర్చుకుని తనే స్వయంగా కట్టాడు. నాలుగుసార్లు కాల్చుకుని ఐదోసారి వెలిగించాడు. ఆ తర్వాత ఓడ ముందు ఎప్పుడు కూచున్నా చూపు దానిమీదే. పెళ్ళిచూపులకు పోయినవాడు కూడా అంత రెప్ప వెయ్యకుండా చూసి ఉండడు.

ఓడ లోపలంతా నల్లరంగు పూశాం. పూయకపోతే పల్చటి ప్లాస్టిక్ గోడలోంచి వెలుగు బయటికి కారుతుంది, ఓడ కాస్తా కాగితం లాంతరు అవుతుంది. "వెలుగు కిటికీలోంచే రావల్ల, గోడలోంచి కాదు" అని అన్న మూడు పూతలు వేయించాడు. ఆ తర్వాత ఒక పగలంతా దీపాలు వెలిగించి ఉంచి, ఏదీ ఆరలేదని చూసుకుని, రెండు సగాలూ కలిపి అంటించేశాం. ఒకసారి అంటించాక మళ్ళీ లోపలికి దారి లేదు. ఏదైనా పాడైతే అతుకు వెంబడి రంపంతో కొయ్యాలి, బాగుచేసి మళ్ళీ అంటించాలి, పుట్టీ పెట్టాలి, ఉప్పుకాగితంతో రుద్దాలి, రంగు వెయ్యాలి. ఎంత రుద్దినా కోసిన గుర్తు వేలికి తగులుతూనే ఉంటుంది. మిషన్ సూది మొన విరిగిందో లేదో గోటితో తేల్చేసే మనిషి అన్న. ఆయన బొటనవేలికి తెలియని అతుకు లేదు. నేను పుట్టీ రుద్దడం ఆయనకు ఎప్పుడూ నచ్చేది కాదు. "పిడక తట్టినట్టు తట్టినావు" అనేవాడు.

ఆ యేడు ఆయుధ పూజకు స్కూటర్ పక్కన, నా మల్టీమీటర్ పక్కన ఓడను కూడా పెట్టి కుంకుమ బొట్టు పెట్టాడు. స్కూటర్ చక్రం కింద నిమ్మకాయ తొక్కించి, ఈ ఏడాది దెబ్బలు తగలకుండా పోవాలని గట్టిగానే మొక్కాడు. అప్పటికే ఆయన ఎడమ మోకాలి మీద ఒక కమిలిన మచ్చ మానేలోగా ఇంకొకటి వచ్చేది. మంచం కోడు తగిలిందనీ, ఫ్యాక్టరీలో బల్ల తగిలిందనీ చెప్పేవాడు. అన్నీ ఎడమ పక్కే తగిలేవి.

తొంభైల చివర్లో ఒక ఆదివారం పొద్దున. అన్న కుర్చీలో కూచుని ఓడను చూస్తున్నాడు. నేను వంటింట్లో కాఫీ తాగుతున్నాను.

"ఏమప్పా, ఇట్లా రా. తోక పక్క మూడు ఆరిపోయి ఉండాయి చూడు."

వెళ్ళి చూశాను. పదకొండూ వెలుగుతున్నాయి.

"వెలగతానే ఉండాయి గదన్నా."

అన్న తల తిప్పి తోకకేసి చూశాడు. "అవును. ఇప్పుడొచ్చినాయి. ఇంతసేపూ లేవు."

"లూజ్ కాంటాక్ట్" అన్నాను నేను. "లూజ్ కాంటాక్టే" అన్నాడు ఆయన. ఇద్దరికీ లోపల సంతోషమే అయింది. మా పని చేసేవాళ్ళకు జబ్బు పేరు తెలిస్తే సగం బాగైనట్టే. వరసలో మూడు, మూడూ ఒకేసారి ఆరి ఒకేసారి వచ్చాయి. పుస్తకంలో రాసి పెట్టినట్టుంది. ఓడను గుడ్డలో చుట్టి కొట్టుకు తీసుకుపోయి, తోక దగ్గర అతుకు కోసి, మీటర్ పెట్టి ప్రతి సోల్డర్ అతుకునూ చూశాను. ఎక్కడా లూజ్ లేదు. అయినా మూడు దీపాల కాళ్ళకూ కొత్తగా సోల్డర్ పెట్టి, మూసి, పుట్టీ పెట్టి తెచ్చిచ్చాను. చేసిన పని చేశానని చెప్పాను, అబద్ధమేమీ లేదు. ఇక్కడిదాకా నా తప్పు లేదని ఇప్పటికీ అనుకుంటాను.

ఆ తర్వాత కొన్ని నెలలు అన్న ఏమీ అనలేదు. కానీ ఇంట్లో చిన్న చిన్నవి మొదలయ్యాయి. కంచంలో ఎడమ పక్కన పెట్టిన కూర అలాగే ఉండిపోయేది. "ఉప్పు ఎక్కువైందా?" అని వదిన అడిగితే, "పల్యం యాడ పెట్టినావు?" అనేవాడు. వదిన కంచం తిప్పి పెట్టేది. చెయ్యి తగిలి నీళ్ళ చెంబు దొర్లేది. వదిన నవ్వుతూ, "ఈయప్పకు ఇల్లంతా ఇరుకైపోయింది" అనేది. నేనూ నవ్వాను. స్కూటర్ మీద మాత్రం నాకు నవ్వు వచ్చేది కాదు. ఎడమ పక్కనుంచి బస్సు వస్తే, అది మా భుజం పక్కకు వచ్చేదాకా ఆయన ఒళ్ళు కదిలేది కాదు. వచ్చాక ఒక్కసారిగా ఉలిక్కిపడేవాడు. వెనక కూచున్న నాకు ఆ ఉలికిపాటు చేతుల్లోంచి తెలిసేది. నేను సీటు కింది కమ్మీ గట్టిగా పట్టుకునేవాణ్ణి.

మళ్ళీ ఒక ఆదివారం అదే కుర్చీలో కూచుని పిలిచాడు.

"మళ్ళా పోయినాయప్పా. ఈ తూరి ఐదు."

నేను గుమ్మంలోనే ఆగిపోయాను. "ఎన్ని?"

"ఐదు. లెక్క పెట్టినాను గదా. ఆరే ఉండాయి."

అన్న చూపు ఓడ ముక్కు మీది ఎర్ర దీపం మీదే ఉంది. నేను బల్ల దగ్గరికి పోయాను. పదకొండు కిటికీలూ నిక్షేపంగా వెలుగుతున్నాయి. ఆయన తల ఇంకా తిప్పలేదు. నేను తోక దగ్గర నిలబడి ఉన్నానని కూడా ఆయనకు తెలియలేదు. "యాడికి పోయినావు?" అని అడిగాడు.

నాయన అడిగిన మాటే అది. ఆ తీగలు కట్టింది నేను. ఏ తీగ తెగినా ఐదు ఆరవని ఈ లోకంలో అందరికంటే నాకే బాగా తెలుసు. లోపం ఓడలో లేదు. అది ఎక్కడుందో ఆ క్షణంలోనే తెలిసిపోయింది.

అప్పుడు చెప్పి ఉండాల్సింది. "అన్నా, పద ఆస్పత్రికి పోదాం" అంటే సరిపోయేది. నేను ఓడను గుడ్డలో చుట్టుకుని, "చూస్తాలే అన్నా" అన్నాను. కొట్టుకు తీసుకుపోయి పాత టీవీ డబ్బాల పైన అటక మీద పెట్టాను. మూట కూడా విప్పలేదు. ఎనిమిది రోజులు అది అక్కడే ఉంది. పని చేసుకుంటూ దాని వంక చూడకుండా ఉండడానికి నానా తంటాలు పడ్డాను. తొమ్మిదో రోజు ఇంటికి తెచ్చి బల్ల మీద పెట్టి, "దొరికిందన్నా. రెండు చోట్ల లూజ్. కోసి సరిచేసినాను" అన్నాను.

ఎందుకలా చెప్పానని నన్ను నేను చాలాసార్లు అడిగాను. ఆయన పనిపోతుందని భయం. వదినకు ఎలా చెప్పాలోనని భయం. అవన్నీ నిజమే, కానీ అసలు భయం వేరు. నాయనకు వచ్చింది, అన్నకు వచ్చింది, ఆ తర్వాత వరసలో ఉన్నది నేను. ఆయన కళ్ళ సంగతి పైకి అంటే నా కళ్ళ సంగతి కూడా అన్నట్టే. సిగ్గు విడిచి చెబుతున్నాను, నన్ను నేను కాపాడుకోవడానికే మా అన్నకు అబద్ధం చెప్పాను.

అన్న లేచి ఓడ దగ్గరికి వంగి, ఒక్కొక్క కిటికీ మీదా వేలు పెట్టి లెక్కపెట్టాడు. వేలు పెట్టిన చోటికి చూపు పోతుంది, చూపు పోయిన చోట దీపం ఉంటుంది. పదకొండూ లెక్కకు వచ్చాయి. నడుం ఎత్తి నావైపు తిరిగి, "నీ చేతిలో పని ఉండాదప్పా" అన్నాడు.

పుట్టి బుద్ధెరిగాక ఆయన నన్ను మెచ్చుకున్నది అదే మొదటిసారి. నవ్వాను.

తర్వాత ఆయన కిటికీల మాట ఎత్తలేదు. కుర్చీని మాత్రం వెనక్కి జరిపాడు. ముందు చెయ్యి చాపితే ఓడ అందేది. తర్వాత గది నడుమకు జరిగింది. ఇంకొన్నాళ్ళకు గుమ్మం దాకా పోయింది. "దూరంనుంచి చూస్తే ఓడ అంతా ఒక్క తూరే కనపడతాదప్పా" అని సంబరంగా చెప్పాడు. ఇల్లు ఊడుస్తూ వదిన ఆ కుర్చీని గోడ పక్కకు లాగితే, ఆయన మళ్ళీ గుమ్మం దగ్గరికి తెచ్చుకునేవాడు. ఆ కుర్చీ ఒక్కొక్క అడుగూ వెనక్కి పోతుంటే చూస్తూ ఏడాదిన్నర గడిపాను. పొద్దున లేచి ఆ స్కూటర్ ఎక్కేవాణ్ణి, కమ్మీ పట్టుకునేవాణ్ణి. "నేను నడుపుతా అన్నా" అని రెండు మూడుసార్లు అడిగాను. "నీకు మూలల దగ్గర భయం" అనేవాడు.

ఒక సోమవారం ఉదయం, ఫ్యాక్టరీ సైరన్ మోగే వేళ. బొమ్మనహళ్ళిలో ఆ సమయానికి రోడ్డు నిండా ఆడవాళ్ళే ఉంటారు, టిఫిన్ క్యారియర్లు పట్టుకుని గబగబా రోడ్డు దాటుతుంటారు. అన్న ఫ్యాక్టరీ వీధిలోకి ఎడమకు తిప్పాడు. ఎడమ పక్కనే నడుస్తూ ఒకామె ఉంది. నీలం చీర, చేతిలో స్టీలు క్యారియర్. ఆమె నాకు కనపడింది. అన్నకూ కనపడిందిలే అనుకున్నాను. కాదు, అది కూడా అబద్ధమే. ఆయనకు కనపడదని నాకు తెలుసు, నోరు తెరవడానికి అర క్షణం ఆలస్యం చేశాను. "అన్నా!" అనేసరికే హ్యాండిల్ ఆమెను కొట్టింది. ముగ్గురం పడ్డాం. క్యారియర్ మూత ఊడి అన్నమంతా రోడ్డు మీద పడింది.

ఆమె చెయ్యి విరగలేదు, మోచెయ్యి చీరుకుపోయి రక్తం కారింది. లేచి కూచుని, ఏడుస్తూ కోపంగా, "కణ్ కాణల్వేన్రీ నిమగె?" అని అరిచింది. కళ్ళు కనపడవా మీకు అని. రోడ్డు మీద రోజూ ఎవరో ఒకరు ఎవరినో ఒకరిని అడిగే మాటే. అన్న ఆ మాట విని, దుమ్ములో మోకాళ్ళ మీద ఉన్నవాడు ఉన్నట్టే తల అటూ ఇటూ తిప్పి ఆమె కోసం వెతికాడు. ఆమె ఆయనకు మూరెడు దూరంలో, ఎడమ పక్కనే ఉంది.

ఆమెకు కట్టు కట్టించి ఇంటికి పంపాక, అన్నను కంటి ఆస్పత్రికి తీసుకుపోయాను. ఆయన ఎదురు చెప్పలేదు. లోపల ఒక మిషన్ ముందు కూచోబెట్టారు. తెల్లటి గిన్నెలోకి తల పెట్టి, నడుమ ఉన్న దీపం మీదనుంచి చూపు కదపకుండా, చుట్టూ ఎక్కడ చిన్న వెలుగు కనపడినా బటన్ నొక్కాలి. అరగంట తర్వాత అన్న నవ్వుతూ బయటికి వచ్చాడు.

"మన ఓడ మాదిరే ఉండాదప్పా. నడుమ ఒక దీపం, చుట్టూ చిన్నచిన్నవి. చానా లూజ్ కాంటాక్టులు ఉండాయి దాంట్లో. ఎంతసేపటికీ వెలగనే వెలగవు."

మిషన్ ఇచ్చిన కాగితం డాక్టరమ్మ బల్ల మీద పెట్టింది. రెండు వలయాలు, ఒక్కొక్క కంటికి ఒకటి. నడుమ రూపాయి బిళ్ళంత తెలుపు, మిగతా అంతా నలుపే. మూడు పూతలు పూసిన మా ఓడ లోపలిలాగా ఉంది. కంట్లో ఒత్తిడి పెరిగి లోపలి నరం ఎండిపోతోందనీ, నొప్పి ఉండదనీ, పక్క చూపు ముందు పోతుందనీ ఆమె నిదానంగా చెప్పింది. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది నిలబెట్టుకోవడానికే మందులు. అదీ మొదట్లోనే ఆస్పత్రికి వస్తే చూపు బాగా నిలబడుతుంది. తర్వాత అన్నను అడిగింది, ఇంతకు ముందు ఎప్పుడైనా ఏదైనా కనపడకుండా పోయినట్టు అనిపించిందా అని.

అన్న ఆలోచించాడు. "లేదు మేడమ్. రెండు తూర్లు ఇంట్లో బొమ్మలో దీపాలు ఆరిపోయినట్టు ఉండె. అది లూజ్ కాంటాక్టు. మా తమ్ముడు సరిచేసినాడు."

ఆమె నావైపు చూసింది. నేను బల్ల మీది కాగితం వైపు చూశాను. ఇది వంశంలో వచ్చే జబ్బు, తోడబుట్టినవాళ్ళు తప్పకుండా చూపించుకోవాలని ఆమె నాతో చెప్పింది. "అట్లే మేడమ్" అన్నాను. పోలేదు. ఆ నెల కాదు, ఆ యేడు కాదు, ఆ తర్వాత చాలా యేళ్ళు పోలేదు.

అన్న పని మానేశాడు. రోజుకు మూడుసార్లు వదిన ఆయన కళ్ళల్లో చుక్కలు వేసేది. ఆ రూపాయి బిళ్ళ పావలా అయింది, తర్వాత అదీ పోయింది. స్కూటర్ నా చేతికి వచ్చింది. కొట్టుకు ఒక్కణ్ణే పోయేవాణ్ణి. ఆయన్ను ఆస్పత్రికి తీసుకుపోయేటప్పుడు వెనక కూచుని, కమ్మీ పట్టుకోకుండా నా భుజం మీద చెయ్యి వేసేవాడు.

హోసూరు రోడ్డు మీద పైవంతెన కోసం స్తంభాలు లేస్తున్న రోజులవి. ఒక ఆదివారం మధ్యాహ్నం, భోజనాలయ్యాక, అన్న తన గదిలోంచి పిలిచాడు. ఓడను ఒళ్ళో పెట్టుకుని కూచుని ఉన్నాడు. అప్పుడప్పుడూ దాన్ని అలా తడుముతూ కూచోవడం ఆయనకు అలవాటే. నేను పక్కన కూచున్నాను.

"ఒక తూరే కోసినావు" అన్నాడు.

నాకు వెంటనే అర్థమైంది. అయినా "ఏందన్నా?" అన్నాను.

"తోక కాడ నువ్వు మొదట కోసిన చోట పుట్టీ ఎత్తుగా ఉండాది. పిడక తట్టినట్టు. రెండో తూరి కూడా కోసినానంటివే, ఆ చోటు కోసం చానా దినాలనుంచి వెతకతా ఉండాను. ఇంకా యాడా లేదు." బొటనవేలు ఓడ అతుకు మీద ముక్కునుంచి తోక దాకా, తోకనుంచి ముక్కు దాకా పోయి వచ్చింది. "ఆ పొద్దు ఓడను ఏం చేసినావు?"

"అటక మీద పెట్టినా" అన్నాను. "లోపం నీ కండ్లలో ఉండాదని తెలిసిపోయిందన్నా. ఐదు ఆరవు. తీగ అట్లా ఉండదు. భయమైంది నాకు."

ఆయన బొటనవేలు అతుకు మీద ఆగిపోయింది. కోప్పడితే బాగుండుననిపించింది. చిన్నప్పటిలాగా చెంప మీద ఒకటి వేసినా బాగుండేది.

"చెప్పి ఉంటే నాకూ భయమైతా ఉండె" అన్నాడు చివరికి. "ఆ భయానికన్నా ఆస్పత్రికి పోతా ఉంటి గదప్పా."

నాకు కళ్ళ నీళ్ళు వచ్చాయి. అవి ఆయనకు కనపడవు, నేను తుడుచుకోలేదు.

"నీ కండ్లు చూపించినావా?"

"చూపిస్తా."

"ఇన్నేండ్లూ ఏం చేస్తా ఉన్నావు?"

అన్న లేచి, చేతులతో బల్ల అంచు తడుముకుని, ఓడను దాని స్థానంలో పెట్టాడు. ముక్కు కుడికి, తోక ఎడమకు. నన్ను కుర్చీ తెచ్చి చెయ్యి చాపితే ఓడ అందేంత దగ్గరగా, బల్ల ముందు ముక్కుకెదురుగా వేసుకుని కూచోమన్నాడు. తలుపు, కిటికీ మూసి స్విచ్ వెయ్యమన్నాడు. వేశాను.

"ఎడమ కన్ను మూసుకో. ముక్కు దీపం మీదనే చూపు పెట్టు, తిప్పొద్దు. కిటికీలు ఎన్ని ఉండాయో చెప్పు. చూపు తిప్పినా, తప్పు చెప్పినా నాకు తెలిసే దారి లేదు. అందుకే నువ్వే నిజం చెప్పల్ల."

ఎడమ కన్ను చేత్తో మూసుకుని ఎర్ర దీపాన్ని చూశాను. ఆరింది, వెలిగింది, ఆరింది. వంటింట్లో వదిన గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినిపిస్తోంది. దీపం పక్కన మొదటి నాలుగు కిటికీలు ఉన్నాయి. వాటి పక్కన ఇంకో నాలుగు, కొంచెం మసకగా ఉన్నాయి. వాటి అవతల ఏమీ లేదు. చీకటి కూడా లేదు, అక్కడ ఓడకు తోకే లేనట్టుంది.

మూడు పోయాయి. సరిగ్గా మూడు, ఒక వరస మొత్తం. తీగ కూడా అలా పోగలదు. పాత ఓడ, పాత సోల్డర్, నిజంగానే ఊడి ఉండొచ్చు. మీటర్ పక్క గదిలోనే ఉంది, తెచ్చి చూస్తే తేలిపోతుంది. ఆ ఒక్క క్షణం, దేవుడా లూజ్ కాంటాక్ట్ అయి ఉండాలి అని మొక్కుకున్నాను.

చెయ్యి తీసి, చూపు తిప్పి తోకకేసి చూశాను. పదకొండూ వెలుగుతున్నాయి.

"ఎనిమిది" అన్నాను.

అన్న నా భుజం కోసం గాల్లో తడిమి, దొరికాక పట్టుకున్నాడు. చాలాసేపు వదల్లేదు.

"రేపు పొద్దున ఇద్దరమూ పోదాం" అన్నాడు. "స్కూటర్ వద్దు. బస్సుకు పోదాం."